ఆదుకునేవాళ్లకి ఆసరా: సెలవు, తోటివాళ్లు, కౌన్సెలర్, థెరపీ... ఏది ఎవరికి?

విపత్తు సహాయక బృందాలు, అంబులెన్స్ సిబ్బంది, ఫైర్‌వాళ్లు, పోలీసులు, నర్సులు, పిల్లల మీద హింస కేసులు చూసేవాళ్లు, ఎమర్జెన్సీ కాల్స్ ఎత్తేవాళ్లు, శరణార్థుల వాంగ్మూలాలు అనువదించేవాళ్లు. వీళ్లలో ఎవరైనా నోరు తెరిచి "మనసు బాగుండటం లేదు" అంటే వచ్చే సలహాలు దాదాపు మూడే. సెలవు పెట్టు, ధ్యానం చెయ్యి, ఎవరితోనైనా మాట్లాడు. మూడింట్లోనూ తప్పేమీ లేదు గానీ ఏది ఎవరికి, ఎప్పుడు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. దాంతో చేతికందింది పట్టుకోవడం, అది పనిచేయకపోవడం, ఇక నాకు ఇవేవీ పడవని తేల్చేసుకోవడం. నా ఉద్దేశంలో చాలాసార్లు ఆ పద్ధతిలో లోపం ఉండదు, మీకున్న బాధ వేరు, అది బాగుచేసే బాధ వేరు. అందుకే సాయాలను పోల్చేముందు బాధ ఏ రకమో కాస్త చూద్దాం.

బాధ ఏ రకం?

మొదటిది బర్న్‌అవుట్. 1974లో దీని గురించి రాసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేస్తూ అక్కడి వలంటీర్లను, తనను చూసుకునే రాశాడు, అంటే ఈ మాట మొదట సేవ చేసేవాళ్ల గురించే వచ్చింది. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దీన్ని మూడు ముక్కలుగా చూసింది: ఒంట్లో సత్తువ అయిపోవడం, ఎదుటి మనిషి మనిషిగా కాక కేసు నంబరుగా కనిపించడం, నేను చేసేదాని వల్ల ఏమీ ఒరగడం లేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణలో దీన్ని జబ్బు అనలేదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితి అంది. ఇది చిన్న విషయం కాదు. మూలం పనిలో ఉంటే మందు కూడా కొంతైనా పనిలోనే ఉండాలి. వరసగా నైట్ షిఫ్టులు వేస్తూ థెరపీకి పంపితే థెరపిస్టు మాత్రం ఏం చేస్తాడు?

రెండోది ఒక సంఘటన కొట్టిన దెబ్బ. కూలిన భవనం, కాల్పులు, చేతుల్లోనే పోయిన పసిబిడ్డ. పీడకలలు, చిన్న శబ్దానికే ఉలికిపాటు, ఆ దారిన వెళ్లలేకపోవడం. మొదటి కొన్ని వారాల్లో ఇవి వచ్చినంత మాత్రాన జబ్బు అనుకోనక్కర్లేదు, ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే, అప్పుడు పీటీఎస్‌డీ (దారుణమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత) ఉందేమో చూపించుకోవాలి.

మూడోది చూసింది కాదు, విన్నది. చార్లెస్ ఫిగ్లీ 1990ల్లో కరుణ అలసట అని రాసింది దీని గురించే. "నాకేం జరగలేదు కదా, నేను ఫోన్ దగ్గర కూర్చున్నానంతే" అని తమ బాధను తామే కొట్టిపారేసేవాళ్లు ఇక్కడ ఎక్కువ. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రీ మాన్యువల్ డీఎస్ఎమ్-5, ఉద్యోగంలో భాగంగా ఘోరమైన వివరాలకు పదేపదే గురికావడాన్ని పీటీఎస్‌డీకి దారితీసే అనుభవాల్లో చేర్చింది. మృతదేహాల అవశేషాలు ఏరేవాళ్లను, పిల్లల మీద అఘాయిత్యాల వివరాలు పదేపదే వినాల్సివచ్చే పోలీసులను ఉదాహరణగా కూడా ఇచ్చింది. కాబట్టి "నేను అక్కడ లేను" అన్న సంజాయిషీ ఇక అక్కర్లేదు.

నాలుగోదాన్ని అందరూ వదిలేస్తారు, నేను దీని దగ్గరే కాసేపు ఆగుతాను. నైతిక గాయం. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే దీన్ని గట్టిగా ముందుకు తెచ్చాడు, తర్వాత బ్రెట్ లిట్జ్ బృందం 2009లో మరింత విడమరిచింది. ఇందులో భయం కన్నా అపరాధభావం, సిగ్గు, పైవాళ్ల మీద కోపం ఎక్కువ. గోదాంలో సరుకు ఉంది, పంచడానికి అనుమతి రాలేదు. జాబితా మూసేశారు, గేటు బయట ఇంకా మనుషులు ఉన్నారు, వెళ్లిపొమ్మని చెప్పాల్సింది మీరు. బెడ్ ఒకటే, పేషెంట్లు ఇద్దరు. ఇలాంటి మనిషి దగ్గరికి వెళ్లి "నీ తప్పేం లేదు" అంటే ఊరట రాదు సరికదా ఒళ్లు మండుతుంది, ఎందుకంటే తప్పు జరిగిందని ఆ మనిషికి తెలుసు, ఎవరిది ఎంత అన్నదే తేలలేదు. ఊపిరి పీల్చే వ్యాయామాలు ఆ రాత్రికి నిద్ర పట్టించవచ్చు, ఈ లెక్క తేల్చవు.

ఇవి కలిసి కూడా వస్తాయి, గీత గీసినట్టు విడిగా ఉండవు. ఎటువైపు ఎక్కువుందో చూసుకోవడానికి ప్రోక్వాల్ అనే ఉచిత ప్రశ్నావళి ఉంది. 30 ప్రశ్నలు, గత 30 రోజుల గురించి. పనిలో దొరికే తృప్తి, బర్న్‌అవుట్, ఇతరుల ట్రామా (దారుణమైన అనుభవం మనసుకు చేసిన గాయం) అంటుకోవడం, మూడింటికీ విడివిడిగా స్కోరు ఇస్తుంది. అది రోగ నిర్ధారణ కాదు, స్కోరు చూసి కంగారుపడొద్దు. మాట్లాడటం మొదలుపెట్టడానికి ఒక ఆధారం, అంతవరకే.

సెలవు, విశ్రాంతి

బర్న్‌అవుట్ వైపు మొగ్గు ఉంటే ముందు ఇదే. ఐక్యరాజ్యసమితి ప్రమాదకరమైన చోట్ల పనిచేసేవాళ్లకు కొన్ని వారాలకోసారి బయటికి పంపే విశ్రాంతి ఏర్పాటు పెట్టిందంటే అది దయతో కాదు, అలసిన మనిషి తప్పులు చేస్తాడని తెలిసి. కానీ సెలవు చేసిన మంచి కొద్ది వారాల్లోనే ఇగిరిపోతుంది, తిరిగొచ్చిన పని అదే అయితే. అందుకని ఒక్క పెద్ద సెలవు కోసం ఏడాదంతా పళ్లు బిగబట్టడం కన్నా, మధ్యమధ్య చిన్న సెలవులు, డ్యూటీ దిగాక ఫోన్ నిజంగా ఆపగలిగే ఏర్పాటు, రెండు షిఫ్టుల మధ్య సరిపడా నిద్ర... ఇవి ఎక్కువ పనిచేస్తాయి. సంఘటన దెబ్బకు, నైతిక గాయానికి మాత్రం ఖాళీ సెలవు ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. చేతిలో పని లేనప్పుడే ఆ దృశ్యాలన్నీ వరసకడతాయి. అలాంటివాళ్లు పూర్తి సెలవు కన్నా కొన్నాళ్లు తేలిక డ్యూటీ అడగడం మేలు.

యాప్‌లు, ధ్యానం, రెసిలియన్స్ (ఒత్తిడిని తట్టుకోవడం నేర్పే) క్లాసులు

సంస్థలకు ఇవంటే ఇష్టం, చవక కాబట్టి. 2024లో ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లోని 46,336 మంది ఉద్యోగుల సమాధానాలు తీసుకుని, ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లను పాల్గొననివాళ్లతో పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది ఒక సమయంలో తీసిన సర్వే కాబట్టి ఆఖరి మాటేమీ కాదు, అయినా మీ ఆఫీసు యోగా క్లాసు పెట్టి మేం చేయాల్సింది చేశాం అంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇంకోటి, ట్రామా ఉన్నవాళ్లలో కొందరికి కళ్లు మూసుకుని మౌనంగా కూర్చుంటే ఆ సంఘటనే ఎదుట నిలబడుతుంది. మీకు అలా అయితే మీకు ధ్యానం రాదని కాదు. కళ్లు తెరిచే ఉంచి, నడుస్తూ చేసేవి చూడండి, లేదంటే మానేయండి.

సొంతంగా చేసుకునేవాటిలో నేను ముందు చెప్పేది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన ఒత్తిడి గైడు. బొమ్మల పుస్తకం, ఆడియో, రెండూ ఉచితం. రోజుకి కొద్ది నిమిషాలు చాలు. ఆలోచనల్లో కొట్టుకుపోకుండా కాళ్లు నేల మీద ఆనించి నిలబడటం, ఆలోచన చేతిలోంచి విడిపించుకోవడం, మీకు విలువైనదాని వైపు ఒక చిన్న అడుగు వేయడం, మీతో మీరు దయగా ఉండటం, బాధకు చోటివ్వడం. ఇదే సరుకుతో గుంపుగా వారానికోసారి 5 వారాలు నడిపే సెల్ఫ్ హెల్ప్ ప్లస్ అనే కార్యక్రమం ఉంది, ఉగాండాలో దక్షిణ సూడాన్ శరణార్థి మహిళల మీద పరీక్షిస్తే మానసిక బాధ తగ్గింది. నెట్‌వర్క్ లేని ఫీల్డులో, కౌన్సెలర్ అందని చోట, ఇంత మాత్రం దొరికినా గొప్పే.

తోటివాళ్లా, డిబ్రీఫింగా?

ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కానే కాదు, ఇక్కడ ఎంపిక తప్పితే నష్టం కూడా ఉంది.

డిబ్రీఫింగ్ సంగతి ముందు. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్, ఎమర్జెన్సీ సిబ్బంది కోసం ఒక పద్ధతి రాశాడు. సంఘటన జరిగిన కొద్ది రోజుల్లో బృందాన్ని కూర్చోబెట్టి ఏం చూశారు, ఏం అనిపించింది అని ఒక్కొక్కరితో చెప్పించడం, మొత్తం 7 దశలు. ప్రపంచమంతా పాకింది. తర్వాత జాగ్రత్తగా పరీక్షిస్తే, కనీసం విడివిడిగా మనుషులకు ఒక్క సిట్టింగులో చేసే డిబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపలేదు. కాలిన గాయాలతో వచ్చినవాళ్ల మీద 1997లో జరిగిన ఒక పరిశీలనలో ఏడాది దాటాక చూస్తే డిబ్రీఫింగ్ జరిగినవాళ్లలోనే పీటీఎస్‌డీ ఎక్కువగా కనిపించింది. మిచెల్ పద్ధతిని సమర్థించేవాళ్లు అది గుంపుల కోసం, సిబ్బంది కోసం రాసింది, రోగుల మీద ఒంటరిగా వాడి కొలవడం న్యాయం కాదంటారు. ఆ వాదనలో కొంత బలం ఉంది. అయినా బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు పీటీఎస్‌డీ నివారణకు దీన్ని ఇవ్వొద్దనే చెబుతున్నాయి. నా సలహా సూటిగా: పని ఎలా జరిగింది, ఏది కుదిరింది, ఏది బెడిసింది అన్న సమీక్షకు కూర్చోండి, భావాలు తప్పనిసరిగా కక్కాల్సిన మీటింగు అయితే "నేను వింటాను, మాట్లాడను" అనే హక్కు మీకుందని ముందే చెప్పండి.

మరి మొదటి రోజుల్లో ఏం చేయాలి? మానసిక ప్రథమ చికిత్స అని ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ, వార్ ట్రామా ఫౌండేషన్, వరల్డ్ విజన్ కలిసి 2011లో గైడు తెచ్చాయి. చూడు, విను, కలుపు అన్న మూడు పనులు. భద్రంగా ఉన్నాడా, తిన్నాడా, ఇంటికి ఫోన్ చేశాడా, ఇప్పుడు కావాల్సిందేమిటి. చెప్పమని బలవంతం ఉండదు. మీరు బాధితులకు ఇచ్చేది ఇదే కదా, ఆ రాత్రికి మీకూ ఇదే కావాలి.

తోటివాళ్ల తోడు దీనికన్నా ఎక్కువ కాలం నడిచేది. బ్రిటన్ రాయల్ మెరైన్స్‌లో 1990ల చివర మొదలైన ట్రిమ్ అనే ఏర్పాటు మంచి నమూనా. శిక్షణ తీసుకున్న సహోద్యోగి సంఘటన తర్వాత మూడు రోజులు దాటాక ఒకసారి, నెల తర్వాత మరోసారి మాట్లాడి, బాధ తగ్గుతోందా పెరుగుతోందా చూసి, పెరుగుతుంటే నిపుణుల దగ్గరికి దారి చూపిస్తాడు. వైద్యం చేయడు. దీని బలమేంటంటే ఏదీ మొదటి నుంచీ వివరించి చెప్పనక్కర్లేదు, యూనిఫాం వేసుకున్నవాడికి యూనిఫాం బరువు తెలుసు. నైతిక గాయానికి కూడా నేను మొదట ఇటే వెళ్లమంటాను, ఆ గేటు దగ్గర నిలబడ్డ ఇంకో మనిషి చెప్పే "నేనూ అదే చేసేవాణ్ణి" అన్న మాటకు ఉన్న విలువ, బయటివాడు చెప్పే ఓదార్పుకు ఉండదు. బలహీనత కూడా అక్కడే. శిక్షణ లేని తోటివాడైతే రెండు రకాలు జరుగుతాయి, నవ్వి కొట్టిపారేస్తాడు, లేదా తన కథ ఎత్తుకుంటాడు. పైగా ఆ మనిషే రేపు మీ పై అధికారి కావచ్చు. శిక్షణ ఉందా, విన్నది ఎక్కడ రాస్తాడు, ఏ పరిస్థితిలో పైకి చెప్పక తప్పదు, ఈ మూడూ ముందే అడగండి. నిజంగా శిక్షణ పొందినవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

సంస్థ కౌన్సెలరా, బయటివాళ్లా?

సంస్థ ఇచ్చే కౌన్సెలింగ్ ఉచితం, త్వరగా దొరుకుతుంది, మీ పని ఎలాంటిదో వాళ్లకు కొంత తెలుసు. సెషన్లు మాత్రం కొన్నే ఉంటాయి, నాలుగో ఆరో. రోస్టర్ టెన్షన్, ఇంట్లో గొడవలు, బదిలీ దిగులు, ఈ రకం వాటికి అంత సరిపోతుంది. ఏళ్లుగా పేరుకున్న ట్రామాకు సరిపోదు, సగంలో కుట్లు విప్పి వదిలేసినట్టు అవుతుంది. అందుకే మొదటి రోజే "సెషన్లు అయిపోయాక నన్ను ఎవరికి అప్పగిస్తారు?" అని అడగాలి.

అసలు భయం ఇంకోటి, అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. ఈ మాట పర్సనల్ ఫైలులోకి వెళ్తుందా, ఆయుధం తీసుకుంటారా, ఫీల్డు నుంచి వెనక్కి పిలుస్తారా, ప్రమోషన్ పోతుందా. ఈ భయాన్ని అపోహ అని తోసేయలేను, కొన్ని ఉద్యోగాల్లో అది నిజం. ఇక్కడ తేడా గుర్తుపట్టండి. మీకు సాయం చేయడానికి కలిసే కౌన్సెలర్ వేరు, మీరు డ్యూటీకి పనికొస్తారా లేదా తేల్చి సంస్థకు రిపోర్టు ఇవ్వడానికి కలిసే నిపుణుడు వేరు. రెండో మనిషి ముందు మీరు అబద్ధం చెప్పనక్కర్లేదు గానీ అతను మీ మనిషి కాదని తెలిసి మాట్లాడాలి. ఎదురుగా కూర్చున్నది ఏ పాత్రలో ఉన్నవాళ్లో తెలియకపోతే నోరు తెరవకముందే అడగండి. ఏ కౌన్సెలర్ అయినా ప్రాణాపాయం ఉన్నప్పుడు, పిల్లలకు హాని జరుగుతున్నప్పుడు రహస్యం దాటక తప్పదు, దాన్ని కూడా ముందే చెప్పాలి.

బయటి థెరపిస్టు దగ్గర ఈ చిక్కు తక్కువ, డబ్బు, టైమ్ చిక్కు ఎక్కువ. షిఫ్టులవాళ్లకు ప్రతి మంగళవారం సాయంత్రం అంటే కుదరదు, కాబట్టి ఆన్‌లైన్‌లో, మారే వేళల్లో చూసేవాళ్లను వెతకండి. ఎమర్జెన్సీ సిబ్బందినో, సహాయక కార్యకర్తలనో ఇంతకుముందు చూశారా అని అడగండి. మొదటి సెషన్లో మీరు చెప్పింది విని వాళ్లే తల్లడిల్లిపోయి, మీరు వాళ్లను ఓదార్చాల్సి వస్తే మొహమాటం లేకుండా మార్చేయండి.

ట్రామా థెరపీల్లో ఏది?

నెల దాటినా తగ్గని సంఘటన దెబ్బకు సాక్ష్యం బలంగా ఉన్నవి ఇవే. ట్రామా మీద దృష్టిపెట్టే సీబీటీని (ఆలోచనల్లో, ప్రవర్తనలో మార్పు తెచ్చే మాటల చికిత్స), ఈఎండీఆర్‌ను (కళ్ల కదలికలతో చేసే చికిత్స) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫార్సు చేసింది. సీబీటీ కుటుంబంలో రెండు పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో ఆ సంఘటనను గట్టిగా, వివరంగా, మళ్లీమళ్లీ చెప్పాలి, తప్పించుకుంటున్న చోట్లకు మెల్లగా వెళ్లాలి. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంటన్నర. కష్టం, కానీ పనిచేస్తుంది. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో సంఘటన కన్నా దాని నుంచి మీరు తీసుకున్న తీర్పుల మీద పని జరుగుతుంది, "నేను రెండు నిమిషాలు ముందు వెళ్లుంటే బతికేది" లాంటివి. సుమారు 12 సెషన్లు, రాసుకురావాల్సిన హోంవర్క్ ఉంటుంది. అపరాధభావం బాగా ఉన్నవాళ్లకు నేను ముందు దీన్నే పరిశీలించమంటాను. ఈఎండీఆర్‌ను ఫ్రాన్సిన్ షపీరో 1980ల చివర్లో రూపొందించింది. జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని థెరపిస్టు వేలి వెంట కళ్లు కదపడం. కళ్ల కదలిక ఎంతవరకు అవసరమన్న వాదం ఇంకా తెగలేదు, కానీ ఫలితం ఉంది, పైగా వివరాలన్నీ నోటితో చెప్పాల్సిన అవసరం తక్కువ, హోంవర్క్ తక్కువ. గోప్యమైన కేసుల వివరాలు బయట పెట్టలేనివాళ్లకు ఇది కలిసొస్తుంది.

ఒక సంగతి, వారంలో ఆరు రోజులు అలాంటి దృశ్యాలే చూస్తూ వీటిని మొదలుపెట్టొచ్చా అని అడుగుతారు. మొదలుపెట్టొచ్చు, పని మానేస్తేనే అని నియమం లేదు. కానీ సెషన్ అయిన వెంటనే డ్యూటీ ఎక్కకుండా చూసుకోండి, కనీసం ఆ రాత్రి.

నిద్ర, మందులు

నిద్ర పోయిందంటే మిగతావన్నీ దాని వెనకే పోతాయి. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, నిద్ర కోసం చేసే సీబీటీ, 2016లో అమెరికన్ ఫిజీషియన్ల కాలేజీ కూడా ఇదే చెప్పింది. సంఘటన జరిగిన మొదటి నెలలో ఆ బాధకు బెంజోడయాజిపైన్ రకం మత్తు మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సహోద్యోగి జేబులోంచి తీసిచ్చే మాత్ర సాధారణంగా ఆ రకమే, వద్దనండి. మద్యం సంగతి మీకే తెలుసు. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు పీటీఎస్‌డీకీ వాడతారు, పని చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆపడమైనా పెంచడమైనా డాక్టరు చెప్పాకే. థెరపీ అందుబాటులో లేనప్పుడు, లేదా థెరపీకి కూర్చునే ఓపిక కూడా లేనంత దిగులు ఉన్నప్పుడు మందు తీసుకోవడం ఓటమేమీ కాదు.

చనిపోవాలనిపిస్తున్నా, ఎలా అన్నది ఆలోచిస్తున్నా, తాగకుండా రోజు గడవకపోతున్నా, డ్యూటీలో చేతిలో ఆయుధమో స్టీరింగో ఉండగా ఉన్నచోటు మర్చిపోతున్నా ఇది పోల్చి చూసుకునే సమయం కాదు. దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీ, లేదా మీరున్న చోటి సంక్షోభ హెల్ప్‌లైన్, పక్కన ఒక మనిషి, అందుబాటులో ఉన్న ఆయుధాలూ మాత్రలూ వేరేవాళ్ల చేతికి. మిగతావన్నీ తర్వాత.

ఎన్నాళ్లు చూడాలి, మారాలంటే ఎలా

సొంతంగా చేసుకునేవి మూడు నాలుగు వారాలు చేసినా కదలిక లేకపోతే మనిషి దగ్గరికి వెళ్లండి. థెరపీలో మొదట కొన్నాళ్లు బాధ పెరగడం మామూలే, అయిదారు సెషన్లు దాటినా నిద్రలో, కోపంలో, పనిలో ఏ తేడా లేకపోతే థెరపిస్టుతో ఆ మాటే అనండి, మంచి థెరపిస్టు పద్ధతి మారుస్తాడు, లేదా ఇంకొకరి పేరు చెబుతాడు.

ఇంకా పనిలో చేరనివాళ్లు, లేదా కొత్త పోస్టింగుకు సంతకం పెట్టబోతున్నవాళ్లు మాత్రం ఇప్పుడే అడగాల్సినవి ఉన్నాయి. 2007లో వచ్చిన ఐఏఎస్‌సీ (అంతర్జాతీయ సహాయక సంస్థల సమన్వయ కమిటీ) మార్గదర్శకాలు సిబ్బంది, వలంటీర్ల మానసిక ఆరోగ్యాన్ని చూసుకోవడం సంస్థ చేయాల్సిన పనుల్లోనే చేర్చాయి, కాబట్టి ఇది మీరు అడుక్కునే సాయం కాదు. స్థానికంగా తీసుకున్న సిబ్బందికి, వలంటీర్లకు, రోజువారీ అనువాదకులకు కూడా కౌన్సెలింగ్ వర్తిస్తుందా, లేక బయటి నుంచి వచ్చినవాళ్లకేనా? సాయం నా భాషలో దొరుకుతుందా? కాంట్రాక్టు ముగిశాక ఎన్ని నెలల వరకు వాడుకోవచ్చు? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు కాగితం మీద తీసుకోండి, ఎందుకంటే పీడకలలు చాలాసార్లు ఇంటికి వచ్చి, సామాను సర్దేసి, ఐడీ కార్డు వెనక్కి ఇచ్చేశాక మొదలవుతాయి.